పాఠం 7: సముద్రపు అలల ప్రమాదాలు – పడవ మీద మన బాధ్యత



ఈ పాఠం ఒమన్ లోను, చుట్టుపక్కల గల్ఫ్ దేశాలలోను పని చేస్తున్న తెలుగువారి కొరకు వ్రాయబడినది. మీలో కొందరు చేపల పడవల మీద, జెట్టీల దగ్గర, ఓడరేవు పనులలో ఉన్నారు. వారికి సముద్రం రోజూ కనపడేదే. ఇంకా చాలామంది భవనాల పనిలో, రోడ్ల పనిలో, తోటలలో, దుకాణాలలో ఉన్నారు. వీరిలో ఎక్కువమంది కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప వంటి సముద్రం లేని జిల్లాల నుండి వచ్చినవారు. వీరు సముద్రాన్ని దగ్గరగా చూసింది ఇక్కడికి వచ్చిన తర్వాతనే. శుక్రవారం సెలవు వస్తే గాలం వేయడానికి బండల మీదికి వెళ్తారు. తెలిసిన వారి పడవ దొరికితే ఎక్కుతారు.

శ్రీకాకుళం, విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు నుండి వచ్చిన సోదరులు "మాకు సముద్రం కొత్తా?" అనవచ్చు. నిజమే, మీకు అలవాటు ఉంది. కాని మీరు నేర్చుకున్నది బంగాళాఖాతం. ఇక్కడి గాలులు వేరు, లోతులు వేరు, కెరటాల కాలం వేరు. అక్కడి అలవాటుతో ఇక్కడ ధైర్యం చేయరాదు.

మీ వెనుక ఒక ఇల్లు ఉంది. వీసా కోసం చేసిన అప్పు ఉంది. నెల నెలా మీరు పంపే డబ్బు మీద ఆధారపడినవారు ఉన్నారు. కనుక ఈ పాఠాన్ని ఓపికగా చదవండి. చదువు రాని తోటివారికి చదివి వినిపించండి.

ఈ పాఠంలో మీరు తెలుసుకొనేవి:

1. అల ఎలా పుడుతుంది, ఎక్కడ ప్రమాదకరం అవుతుంది.
2. వాతావరణ సూచనలో చెప్పే అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి.
3. పడవ నడిపేవారు, ఎక్కేవారు, యజమాని – ఎవరి బాధ్యత ఏమిటి.
4. ప్రమాదం జరిగితే నీటిలో ఏం చేయాలి, ఒడ్డున ఏం చేయాలి.

అల ఎలా పుడుతుంది?

సముద్రం మీద గాలి వీస్తే అలలు పుడతాయి. అల ఎంత పెద్దది అవుతుందనేది మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: గాలి ఎంత వేగంగా వీస్తున్నది, ఎంతసేపు వీచింది, ఎంత దూరం అడ్డు లేకుండా నీటి మీద వీచింది. మన ఊరి చెరువులో పెద్ద గాలి వచ్చినా పెద్ద అలలు రావు, ఎందుకంటే అక్కడ దూరం లేదు. అరేబియా సముద్రంలో వందల, వేల కిలోమీటర్ల దూరం ఉన్నది.

అలలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది, మన చుట్టూ ఇప్పుడు వీస్తున్న గాలి వల్ల పుట్టే అల. ఇది దగ్గర దగ్గరగా, గజిబిజిగా ఉంటుంది. గాలి తగ్గితే ఇదీ తగ్గుతుంది. రెండవది, ఎక్కడో దూరాన తుఫాను వల్ల పుట్టి, రోజుల తరబడి ప్రయాణించి వచ్చే పొడవాటి అల. దీనిని మనం దూరపు అల అందాం. ఇది వచ్చే రోజున ఇక్కడ ఆకాశం నీలంగా ఉండవచ్చు, ఆకు కూడా కదలక పోవచ్చు. "గాలి లేదు కదా, సముద్రం మంచిగనే ఉంది" అని మోసపోయేది ఇక్కడే.

ఒక అల శిఖరం దాటిన తర్వాత రెండవ శిఖరం రావడానికి ఎన్ని సెకన్లు పడుతున్నదో గడియారం చూసి లెక్కించండి. 4, 5 సెకన్లు అయితే అది దగ్గరి గాలి అల. 12 సెకన్లు లేక అంతకంటే ఎక్కువ అయితే అది దూరపు అల. లోతైన నీటిలో 5 సెకన్ల అల గంటకు సుమారు 28 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 12 సెకన్ల అల గంటకు 65 కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంది. లోతు తక్కువ ఉన్న ఒడ్డుకు రాగానే దాని వేగం తగ్గి, ఎత్తు పెరుగుతుంది. అందువల్ల దూరపు అల నడి సముద్రంలో పడవను మెల్లగా ఎత్తి దించుతుంది, ఒడ్డు దగ్గర మాత్రం మనిషిని బండ మీది నుండి ఎత్తుకొని పోతుంది.

మరొక మాట. అల ఎత్తు రెండింతలు అయితే దాని బలం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. ఒక ఘనపు మీటరు సముద్రపు నీరు ఒక టన్నుకు పైగా బరువు ఉంటుంది. మోకాలి లోతు నీరే వేగంగా వస్తే నిలబడిన మనిషిని పడగొడుతుంది.

"అల ఎత్తు 1 మీటరు" అంటే అర్థం ఏమిటి?

ఈ విషయం చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. వాతావరణ సూచనలో "అలల ఎత్తు 1 మీటరు" అని చెప్పినప్పుడు, ఏ అలా 1 మీటరు దాటదని దాని అర్థం కాదు. వచ్చే అలలలో పెద్దవైన మూడవ వంతు అలల సగటు ఎత్తు అది. అంటే అంతకంటే చిన్నవీ ఉంటాయి, పెద్దవీ ఉంటాయి. వెయ్యి అలలు లెక్కిస్తే వాటిలో ఒకటి సుమారు రెండింతలు ఎత్తు ఉంటుందని ఎదురుచూడవలెను.

ఇప్పుడు లెక్క వేయండి. ప్రతి 6 సెకన్లకు ఒక అల వస్తున్నది అనుకుందాం. వెయ్యి అలలు రావడానికి 6,000 సెకన్లు, అంటే గంటా నలభై నిమిషాలు. మీరు ఉదయం నుండి మధ్యాహ్నం దాకా సముద్రం మీద ఉంటే, సూచనలో చెప్పిన ఎత్తుకు రెండింతలున్న అల రెండు మూడు సార్లు మీ పడవ కిందికి వస్తుంది. అది దొంగలాగా వచ్చిన అల కాదు. రావలసిన అలే వచ్చింది. మనమే దాని కోసం సిద్ధంగా లేము.

"ఏడవ అల పెద్దది, అది పోతే భయం లేదు" అనే మాటను కూడా నమ్మరాదు. పెద్ద అలలు గుంపులుగా వస్తాయన్నది నిజం. కాని ఎన్ని చిన్న అలల తర్వాత ఆ గుంపు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

అల ఎక్కడ విరుగుతుంది?

విరగని అల పడవను ఎత్తి దించుతుంది. విరిగే అల పడవను కొడుతుంది. పడవలు ఎక్కువగా మునిగేది విరిగే అలల వల్ల. నీటి లోతు తగ్గి, అల ఎత్తుకు సుమారు ఒకటిన్నర రెట్ల లోపుకు వస్తే ఆ అల విరగడానికి సిద్ధమైనట్లే. కనుక కింది చోట్లలో ఎక్కువ జాగ్రత్త అవసరం:

• వాగులు, ఖోర్లు సముద్రంలో కలిసే మొగ దగ్గర. ఇక్కడ ఇసుక మేటలు ఉంటాయి.
• నీటిలో మునిగి ఉన్న బండలు, దిబ్బల మీద.
• పాటు నీరు బయటికి పోతూ, గాలి లోపలికి వీచే చోట. గాలికి ఎదురుగా నీరు పారితే అలలు నిటారుగా లేస్తాయి. అదే మొగలో రెండు గంటల ముందు ప్రశాంతంగా ఉండి ఉండవచ్చు.
• ఓడరేవు గోడల దగ్గర. గోడకు కొట్టి తిరిగి వచ్చే అల, వస్తున్న అలతో కలిసి పైకి లేస్తుంది.

అనుభవం గల సరంగులు పాటించే సూత్రం ఒకటి ఉన్నది: పడవ వెడల్పు ఎంతో, అంత ఎత్తున్న విరిగే అల పక్క నుండి తగిలితే ఆ పడవ తిరగబడవచ్చు. ఇక్కడి చిన్న ఫైబర్ పడవల వెడల్పు చాలా వరకు 2 మీటర్లకు అటు ఇటుగా ఉంటుంది. సూచనలో 1 మీటరు అన్న రోజున 2 మీటర్ల అల రావచ్చునని పైన చదివారు. రెండూ కలిపి చూస్తే, "ఒక మీటరే కదా" అనే మాట ఎంత ప్రమాదమో మీకే తెలుస్తుంది.

ఈ ప్రాంతపు గాలులు, కాలాలు

ఖరీఫ్: జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి గాలులు వీస్తాయి. మన ఊళ్లలో వానలు తెచ్చే రుతుపవనాలే ఇవి. ఈ కాలంలో సలాలా, ధోఫార్ తీరం, మసీరా ద్వీపం వైపు సముద్రం చాలా ఉధృతంగా ఉంటుంది. పచ్చదనం, చిరుజల్లులు చూడడానికి జనం వేలాదిగా సలాలాకు వెళ్లే కాలం కూడా ఇదే. కనుక ఒడ్డున ప్రమాదాలు ఈ కాలంలోనే ఎక్కువగా జరుగుతాయి.

షమాల్: ఇది గల్ఫ్ లోపల వీచే వాయవ్య గాలి. కొన్నిసార్లు రెండు మూడు రోజులు ఆగకుండా వీస్తుంది. చలికాలంలో ఒక్కసారిగా మొదలవుతుంది. గల్ఫ్ లోపలి సముద్రం సగటున 35 మీటర్ల లోతు మాత్రమే. అందుచేత అక్కడి అలలు దగ్గర దగ్గరగా, నిటారుగా ఉంటాయి. చిన్న పడవకు ఒక అల నుండి తేరుకునే లోపే మరొకటి తగులుతుంది. దుబాయ్, బహ్రెయిన్, ఖతర్, కువైట్‌లలో ఉన్నవారు దీనిని ముఖ్యంగా గుర్తుంచుకోవలెను.

తుఫానులు: అరేబియా సముద్రంలో తుఫానులు ఎక్కువగా మే, జూన్ నెలలలోను, అక్టోబరు, నవంబరు నెలలలోను వస్తాయి. 2007 జూన్‌లో వచ్చిన గోను తుఫాను ఒమన్‌లో సుమారు 50 మందిని బలి తీసుకుంది. 2018 మేలో మెకును తుఫాను సలాలాను దెబ్బతీసింది. 2021 అక్టోబరులో షాహీన్ తుఫాను బాతినా తీరాన్ని తాకింది. ఎడారి దేశంలో ఉప్పెన ఏమిటి అనుకోరాదు.

సునామీ: 2004 డిసెంబరు 26 నాటి సునామీ మన కోస్తా జిల్లాలనే కాదు, ఒమన్ తీరాన్ని కూడా తాకింది. సలాలా ఓడరేవులో ఒక పెద్ద కంటైనర్ ఓడ తాళ్లు తెగి కొట్టుకుపోయింది. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి అడుగు కనపడితే, చేపలు ఏరుకోవడానికి ముందుకు పోరాదు. వెంటనే ఎత్తైన చోటుకు పరుగెత్తవలెను.

ఒమన్ వాతావరణ శాఖ ప్రతి రోజూ గాలి, అలల సూచనలు ఇస్తుంది. ప్రమాదం ఉన్నప్పుడు హెచ్చరికలు జారీ చేస్తుంది. మన వైపు ఇటువంటి పని చేసే ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాద్‌లోనే ఉన్నది. 1999లో ఏర్పడిన ఆ సంస్థ 2007 నుండి సునామీ హెచ్చరికలు కూడా ఇస్తున్నది. సముద్రం లేని ఊరిలో కూర్చుని సముద్రపు సూచన చెప్పగలిగినప్పుడు, సముద్రం ఒడ్డున ఉన్న మనం దానిని ఒకసారి చూసుకోవడం కష్టం కాదు.

ఒడ్డున, బండల మీద ఉన్నవారికి

2022 జూలైలో సలాలా దగ్గర అల్ ముఘ్‌సైల్ వద్ద ఎనిమిది మంది అలల ధాటికి సముద్రంలో పడిపోయారు. ముగ్గురిని మాత్రమే వెంటనే కాపాడగలిగారు. పడినవారిలో భారతీయ కుటుంబం వారు, పిల్లలు ఉన్నారు. వారు రక్షణ కంచె దాటి ముందుకు వెళ్లి ఉన్నారు. వారెవరూ ఈత కొట్టడానికి వెళ్లలేదు, నీటిలో దిగలేదు. సముద్రాన్ని చూడడానికి నిలబడినవారే. ఈ విషయాన్ని మరిచిపోవద్దు.

• కంచె, ఎర్ర జెండా, హెచ్చరిక బోర్డు దాటి పోరాదు. బోర్డు చదవడం రాకపోతే ఎవరినైనా అడగండి.
• బండ తడిగా ఉందంటే, అల అక్కడి దాకా వచ్చి పోయిందని అర్థం. తడి బండ మీద నిలబడవద్దు.
• గాలం వేసే ముందు పది పదిహేను నిమిషాలు దూరంగా నిలబడి సముద్రాన్ని చూడండి. పెద్ద అలల గుంపు ఎక్కడి దాకా వస్తుందో అప్పుడు తెలుస్తుంది.
• సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు దిగరాదు.
• ఎవరైనా పడితే వెంట దూకవద్దు. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా, తాడు, ఐస్ పెట్టె, ఏదైనా తేలేది విసరండి. 9999కు ఫోన్ చేయండి.
• ఒడ్డున నీటిలో ఉన్నప్పుడు లోపలికి లాగే ప్రవాహం పట్టుకుంటే, ఒడ్డు వైపు ఎదురీదవద్దు. బలం అయిపోతుంది. తేలుతూ, ఒడ్డు వెంబడి పక్కకు ఈదండి. లాగుడు తగ్గిన తర్వాత ఒడ్డుకు తిరగండి.

ఒక ఉదాహరణ

ఇలా అనుకుందాం. ఒక క్యాంపులోని ఎనిమిది మంది సెలవు రోజున చేపలకు పోదామనుకున్నారు. తెలిసిన ఒకరి దగ్గర 7 మీటర్ల ఫైబర్ పడవ ఉంది. దానికి ఐదుగురికే అనుమతి. లైఫ్ జాకెట్లు మూడు ఉన్నాయి. ఉదయం గాలి లేదు. సూచనలో అలలు 1 మీటరు, మధ్యాహ్నం తర్వాత గాలి పెరుగుతుందని ఉన్నది.

ఒకడు అన్నాడు: "అన్నా, జాకెట్లు మూడే ఉన్నయి. మనం ఎనిమిది మందిమి."

"ఏం గాదు తమ్మీ, ఒడ్డు కనవడేదాక్నే పోదాం. గంటల అచ్చేద్దాం."

"ఒడ్డు కనవడుతది గని అన్నా, నాకు ఈత రాదు."

ఇక్కడ మీరే ఆలోచించండి. గంటలో వస్తామని పోయినవారు చేపలు పడుతుంటే గంటలో తిరిగి రారు. ముగ్గురు ఎక్కువ ఎక్కితే పడవ అంచు నీటికి అంత దగ్గరగా దిగుతుంది. చిన్న అల కూడా లోపలికి నీరు పోస్తుంది. 200 లీటర్ల నీరు లోపలికి వచ్చిందంటే 200 కిలోల బరువు పడవలో అటూ ఇటూ పొర్లుతున్నట్లే. పడవ ఏ పక్కకు ఒరిగితే నీరూ ఆ పక్కకే పోయి ఇంకా ఒరిగిస్తుంది. పెద్ద చేప పడిందని అందరూ ఒక పక్కకు వచ్చి చూస్తే చాలు, అల సహాయం కూడా అవసరం లేదు.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. 2006 మార్చి 30న బహ్రెయిన్‌లో విందు కోసం వందమందికి పైగా ఎక్కిన అల్ దానా అనే పడవ తీరానికి దగ్గరలోనే తిరగబడి 58 మంది మరణించారు. వారిలో భారతీయులు చాలామంది ఉన్నారు. ఆ రాత్రి పెద్ద తుఫాను ఏమీ లేదు. ఒడ్డు దీపాలు కనపడుతూనే ఉన్నాయి. ఒడ్డు కనపడడం రక్షణ కాదు.

పై ఉదాహరణలో "నాకు ఈత రాదు" అన్న తమ్ముడు పిరికివాడు కాదు. ఆ ఎనిమిది మందిలో లెక్క సరిగ్గా వేసినవాడు అతనొక్కడే. మీ క్యాంపులో అటువంటి వాడు మాట్లాడితే నవ్వవద్దు. వినండి.

పడవ నడిపేవారి బాధ్యత

సరంగు అనండి, తండేలు అనండి, ఇక్కడివారి మాటలో నాఖుదా అనండి, పడవ ఎవరి చేతిలో ఉంటే ఎక్కిన అందరి ప్రాణాలూ వారి చేతిలో ఉన్నట్లే. పడవ మీది కాకపోయినా, జీతానికి నడుపుతున్నా బాధ్యత తప్పదు. ప్రమాదం జరిగితే పోలీసులు ముందుగా ప్రశ్నించేది నడిపినవారినే.

బయలుదేరే ముందు:

1. ఆ రోజు సూచన చూడండి. వెళ్లేటప్పటిది మాత్రమే కాదు, తిరిగి వచ్చేటప్పటిది కూడా చూడండి.
2. అనుమతి ఉన్న సంఖ్యకు మించి ఎక్కించరాదు. ప్రతి మనిషికి ఒక లైఫ్ జాకెట్ ఉండవలెను. అడుగున మూట కట్టి పెట్టిన జాకెట్ జాకెట్ కాదు. తొడిగించి, పట్టీలు బిగించండి.
3. ఇంధనం మూడు భాగాలు చేయండి: పోవడానికి ఒక భాగం, రావడానికి ఒక భాగం, ఆపదకు ఒక భాగం.
4. నీరు తోడే పంపు, బకెట్, లంగరు, తాడు, టార్చి, ఈల, తాగునీరు, వాటర్‌ప్రూఫ్ సంచిలో ఫోన్ ఉన్నాయా చూడండి. రేడియో ఉంటే పనిచేస్తున్నదా చూడండి.
5. ఎవరెవరు వెళ్తున్నారు, ఎక్కడికి, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు – ఈ మూడు విషయాలు కాగితం మీద వ్రాసి ఒడ్డున ఉన్న ఒకరికి ఇవ్వండి. ఆ సమయం దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పండి.

నీటి మీద:

1. ఎదురు వచ్చే పెద్ద అలకు పక్క చూపించరాదు. వేగం తగ్గించి, పడవ ముక్కును అలకు కొంచెం ఏటవాలుగా ఉంచి దాటండి. ఇంజను పూర్తిగా ఆపితే పడవ పక్కకు తిరిగిపోతుంది.
2. అల వెనుక నుండి వస్తున్నప్పుడు దాని ముందు జారుతూ పరుగెత్తవద్దు. ముక్కు నీటిలో గుచ్చుకొని, వెనుక భాగం పక్కకు తిరిగి పడవ బోల్తా పడుతుంది. ముందున్న అల వీపు మీదనే ఉంటూ మెల్లగా రండి.
3. మొగలో అడ్డంగా అంతటా అలలు విరుగుతుంటే లోపలికి రావద్దు. బయటనే ఆగండి లేదా వేరే ఓడరేవుకు వెళ్లండి. ఇల్లు చేరే తొందరలో మొగ దగ్గర పోయిన ప్రాణాలు ఎన్నో.
4. లంగరు ఎప్పుడూ ముందు భాగం నుండే వేయవలెను. వెనుక నుండి వేస్తే అలలు ఇంజను వైపు నుండి లోపలికి వస్తాయి.
5. చేపలు, వలలు, డబ్బాలు కింద, మధ్యలో ఉంచండి. బరువు పైన పేర్చరాదు.
6. బయటి ఇంజనుకు ఎర్ర తాడు ఉంటే దానిని మీ ఒంటికి కట్టుకోండి. మీరు పడిపోతే ఇంజను ఆగిపోతుంది.
7. చుట్టూ చూసేవారు ఎప్పుడూ ఒకరు ఉండవలెను. ఇది అంతర్జాతీయ సముద్ర నియమం. చిన్న పడవల దగ్గర, జెట్టీ దగ్గర వేగం తగ్గించండి. మీ పడవ లేపిన అల పక్క పడవను ముంచితే ఆ తప్పు మీదే.
8. మద్యం తాగి పడవ నడపరాదు. నిద్ర లేకుండా నడపరాదు.
9. ఆపదలో ఉన్న వేరే పడవ కనిపిస్తే, మీ పడవకు ముప్పు లేనంతవరకు సాయం చేయడం మీ విధి. ఏ దేశంవారు అని చూడరాదు.
10. అనుమతి లేకుండా పక్క దేశపు జలాలలోకి పోరాదు. చేపలు ఎక్కువ పడతాయని పోయి జైలు పాలైనవారు గల్ఫ్‌లో ఉన్నారు.

ఎక్కేవారి బాధ్యత

ఎక్కేవారు సామాను మూటలు కారు. జాకెట్ ఉందా, ఎంతమందికి అనుమతి, సూచన ఏమిటి – ఈ మూడూ అడిగే హక్కు మీకు ఉంది. జవాబు సరిగా లేకపోతే దిగిపోండి. ఎక్కిన తర్వాత నడిపేవారి మాట వినండి. అందరూ ఒక పక్కకు రావద్దు. నిలబడవద్దు. పడవ అంచు మీద కూర్చోవద్దు.

యజమాని పొమ్మంటే?

పడవల మీద పనిచేసే సోదరులకు ఇది అన్నింటికంటే కష్టమైన విషయం. వాతావరణం బాగా లేదు, అయినా అర్బాబ్ పొమ్మంటున్నాడు. పోకపోతే జీతం కోస్తాడని, వెనక్కి పంపిస్తాడని భయం.

చేపల వేటలో పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో ఒక ఒడంబడిక చేసింది. పడవ నాయకుడు ప్రాణరక్షణ కోసం తీసుకునే నిర్ణయానికి యజమాని అడ్డు రాకూడదని అందులో ఉన్నది. దానిని అన్ని దేశాలూ ఆమోదించలేదు. అయినా ఈ సూత్రం సరైనదని సముద్రం మీద పనిచేసే ప్రతివారూ ఒప్పుకుంటారు. కనుక ఇలా చేయండి:

• గొడవ పడకుండా, మర్యాదగా, నలుగురి ముందు చెప్పండి: "ఈ రోజు హెచ్చరిక ఉంది. గాలి తగ్గగానే వెళ్తాం." పని మానేస్తాం అని చెప్పడం వేరు, గాలి తగ్గాక వెళ్తాం అని చెప్పడం వేరు.
• హెచ్చరికను ఫోన్‌లో చూపించండి. దానిని ఫోటో తీసి పెట్టుకోండి.
• ఒక్కరు కాకుండా పడవ వారంతా కలిసి చెప్పండి.
• బెదిరింపు వస్తే ఎంబసీ కార్మిక విభాగానికి తెలియజేయండి. భారత ప్రభుత్వపు మదద్ పోర్టల్‌లో ఊరిలోని మీ కుటుంబం వారు కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.
• మీ పతాకాలో, కాంట్రాక్టులో వ్రాసిన పని వేరు, పడవ మీద చేయిస్తున్న పని వేరు అయితే ఆ సంగతి ముందే తెలియజేయండి. ప్రమాదం జరిగాక చెప్పుకోవడం చాలా కష్టం.

పడవ తిరగబడితే

1. పడవను వదలవద్దు. తిరగబడిన పడవ కూడా చాలాసార్లు తేలుతుంది. వెతికేవారికి మనిషి తల కనపడదు, పడవ కనపడుతుంది. ఒడ్డు దగ్గరగా ఉన్నట్లు అనిపించినా ఈది పోవద్దు.
2. తలలు లెక్కించండి. అందరూ ఒకరినొకరు పట్టుకొని ఉండండి. ఈత రానివారిని మధ్యలో ఉంచండి.
3. ఫోన్ ఉంటే ఒమన్‌లో 9999కు చేయండి. ఎమిరేట్స్‌లో కోస్ట్ గార్డ్ 996, సౌదీలో సరిహద్దు రక్షణ దళం 994, కువైట్‌లో 112, బహ్రెయిన్, ఖతర్‌లలో 999.
4. రేడియో ఉంటే 16వ ఛానల్ మీద "మేడే" అని మూడుసార్లు అనండి. తర్వాత పడవ పేరు, ఉన్న చోటు, ఏమి జరిగింది, ఎంతమంది ఉన్నారు – ఈ వరుసలో చెప్పండి. భాష రాదని ఊరుకోవద్దు. "మేడే" అన్న మాట ఏ దేశం వారికైనా అర్థం అవుతుంది.
5. సముద్రపు నీరు తాగవద్దు. తలకు గుడ్డ కట్టుకోండి. ఈల ఊదండి, అరిచి బలం పోగొట్టుకోవద్దు.
6. ఒకరు పడవ నుండి పడితే గట్టిగా అరవండి. ఒకరు ఆ మనిషి వైపే వేలు చూపిస్తూ ఉండవలెను, కన్ను తిప్పరాదు. తేలేది విసరండి. దగ్గరికి వచ్చాక ఫ్యాను తిరగకుండా ఇంజనును న్యూట్రల్‌లో పెట్టండి.

ఒడ్డు చేరిన తర్వాత

బాగానే ఉన్నామని అనిపించినా నీరు మింగినవారు ఆసుపత్రికి వెళ్లవలెను. కొన్ని గంటల తర్వాత ఊపిరి ఇబ్బంది రావచ్చు. పోలీసు రిపోర్టు, ఆసుపత్రి కాగితాల నకళ్లు తీసుకోండి. పాస్‌పోర్టు పోతే ఎంబసీలో తెలియజేయండి.

ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుతో వచ్చినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో మరణం లేదా శాశ్వత వైకల్యం కలిగితే 10 లక్షల రూపాయల బీమా దానిలో ఉన్నది. పాలసీ గడువు తీరిందా చూసుకోండి. దాని నకలు ఇంటివారికి పంపండి.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. సముద్రంలో పోయిన మనిషి దేహం దొరకకపోతే మరణ ధృవీకరణ పత్రం రావడం చాలా కష్టం. ఏడేళ్లు ఏ సమాచారమూ లేకపోతేనే మరణించినట్లు భావించే చట్టం మనది. అంతవరకు బీమా, బకాయి జీతం, భూమి పట్టా, అన్నీ ఆగిపోవచ్చు. ఇంటివారు బొట్టు పెట్టుకోవాలో తీసేయాలో తెలియక ఎదురు చూస్తూ ఉంటారు. పడవలో ఎవరెవరు వెళ్లారో వ్రాసి ఒడ్డున ఇచ్చిన ఒక్క కాగితం అటువంటప్పుడు ఎంతో సాక్ష్యం అవుతుంది. వెతికేవారికి దారి చూపి, ప్రాణం కాపాడేది కూడా చాలాసార్లు ఆ కాగితమే.

మీకు ఎంత అర్థమైంది? సరి చూసుకోండి

ప్రశ్న 1: సూచనలో అలలు 1.5 మీటర్లు అని ఉన్నది. ఎంత ఎత్తు అలకు సిద్ధపడాలి?
జవాబు: సుమారు 3 మీటర్లు.

ప్రశ్న 2: గాలి అసలు లేదు, కాని బండల మీద అలలు పెద్దగా కొడుతున్నాయి. కారణం ఏమిటి?
జవాబు: దూరాన పుట్టిన అలలు వస్తున్నాయి. బండల మీదికి పోరాదు.

ప్రశ్న 3: పడవ తిరగబడింది, ఒడ్డు కనపడుతున్నది. ఈది పోవాలా?
జవాబు: వద్దు. పడవను పట్టుకొని ఉండాలి.

ప్రశ్న 4: ఆరుగురు ఉన్నారు, జాకెట్లు ఐదు ఉన్నాయి. ఏం చేయాలి?
జవాబు: ఆరవ జాకెట్ తేవాలి, లేకపోతే ఒకరు ఆగిపోవాలి. ఇంకొక వారం చేపలు ఉంటాయి.

ఈ పాఠాన్ని క్యాంపులో అందరికీ కనపడే చోట అతికించండి. వచ్చే సెలవు రోజున ఎవరైనా సముద్రం వైపు బయలుదేరుతుంటే, పేర్లు వ్రాసిన కాగితం ఎవరికి ఇచ్చారో అడగండి.